పడవకు పోసిన ఒడిబియ్యం

పూడిక తీయడానికి చెరువు నీళ్లన్నీ వదిలేశాక, మా పడవ బయటపడింది. కొన్నేళ్ల కిందటి పెద్దవానకు మునిగిన పడవ. కుళ్లిన ముందు సగమే బురదలోంచి కనబడుతోంది. జేసీబీతో లాగి పారేస్తామని పనులవాళ్లు మా బాపుకు కబురు పెట్టారు. పీడ పోయిందనుకున్నాను. మా ఇంట్లో నాకంటే దానికే ముద్దు ఎక్కువ.

అమ్మకు ఆడపిల్ల లేదు, నేనొక్కణ్నే. చుట్టుపక్కలవాళ్లు పెళ్లయిన కూతుళ్లను ఇంటికి పిలిచి ఒడిబియ్యం పోస్తుంటే తలుపు దగ్గరికి వేసుకునేది. చేపల వేటకని బాపు కొత్త పడవ తెచ్చిన ఏడు, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఎర్ర రవికగుడ్డ పట్టుకుని గట్టు దిగింది.

"ఇగో, గిదే నా బిడ్డ," అని పడవలో పోసేసింది.

గట్టు మీదివాళ్లు పడీపడీ నవ్వారు. "నవ్వుండ్రి, నవ్విన నాపచేనే పండుతది," అంది అమ్మ.

అప్పట్నుంచి ఏడాది విడిచి ఏడాది పోసింది. నాకు పాత చొక్కా, పడవకు కొత్త రవికగుడ్డ! బిడ్డ తన ఒడిలోంచి పిడికెడు బియ్యం తల్లిగారింటికి తిరిగిస్తుంది కదా, ఆ పిడికెడు కూడా పడవ తరఫున అమ్మే తీసుకునేది. "తీసుకోకుంటే బిడ్డ మళ్ల ఇంటి మొకం చూడదురా," అనేది. ఆ బియ్యంతో వండిన పరమాన్నం మాత్రం నాకు పెట్టేది. పడవ మునిగిన మరుసటేడు అమ్మ పోయింది. ఆ పరమాన్నం కోసం నా ప్రాణం ఇప్పటికీ కొట్టుకుంటుంది.

జేసీబీ డ్రైవర్ గొలుసు తగిలిస్తుంటే బాపు అడ్డం వెళ్లాడు. "జర ఆగు తమ్మీ. ఆడపిల్లను ఉత్తగ తోలుతమా?" అని తువాలు మూట విప్పాడు. అందులో పసుపు బియ్యం ఉన్నాయి.

"బాపూ, మగోళ్లు ఒడిబియ్యం పోస్తరా? ఊరంత నవ్వుతది."

"నవ్వనీ. పోసేటామె లేదు గదరా."

బాపు మూటంతా పడవలో గుమ్మరించాడు. గొలుసు బిగిసింది, పడవ రెండు ముక్కలైంది. ముక్కల్ని ట్రాలీలో పడేశారు. బండి కదిలాక గుర్తొచ్చింది నాకు.

"పిడికెడు తీసుకున్నవా బాపూ?"

తల అడ్డంగా ఊపాడు. చెప్పులు బురదలో వదిలేసి ట్రాలీ వెంట పరుగెత్తాను. "ఆపన్నా, ఆపు!" అని అరిచి, పైకెక్కి, పలకల సందుల్లో దొరికిన గింజలు ఏరుకొచ్చాను.

బాపు వాటివైపు చూడనైనా లేదు. "నేను మరిచిపోలేదురా. తీసుకుంటే మళ్ల వస్తదని ఎదురుచూడాలె. నాతోని గాదు."

నాకైతే ఎదురుచూడాలనే ఉంది. ఆ గింజల్ని బాగా కడిగి, ఇంట్లో బియ్యంతో కలిపి ఆ పూట పరమాన్నం వండాను. బెల్లం ఎక్కువైంది, అమ్మ చేతి వంటలా రానే రాలేదు. బాపు గిన్నె ఊడ్చుకుని తిన్నాడు. తిని, ఇంకొంచెం పెట్టమని గిన్నె నా ముందుకు జరిపాడు.