టీ తెద్దామని దిగాను

సింగపూర్‌లో రైలుకు అడ్డం పడి నా భార్యను కాపాడానని తణుకులో అందరికీ చెప్పుకున్నాను. ఇప్పుడు నిజం రాస్తున్నాను.

2003లో అక్కడుండే మా అమ్మాయిని చూడడానికి వెళ్ళి, ఓ మధ్యాహ్నం నేనూ మా ఆవిడా ఇద్దరమే మెట్రో ఎక్కాం. మన నర్సాపురం పాసింజరులో లాగే, స్టేషను రాగానే ఆవిడకు టీ తెద్దామని దిగాను. వెంటనే తలుపులు మూసుకున్నాయి. అద్దం వెనకాల ఆవిడ ముఖం కదిలి వెళ్ళిపోయింది. ఆవిడకు ఇంగ్లీషు రాదు. దగ్గర ఫోనూ లేదు, అడ్రసూ లేదు. నేనేమో బెంచీ మీద కూలబడి ఏడ్చాను.

అరగంటకు ఎదురు రైల్లోంచి ఆవిడే దిగింది.

"తర్వాతి స్టేషన్లో దిగిపోయి, ఇటొచ్చే రైలెక్కానండి. ఇంతకీ టీ ఏదీ?" అంది.

ఇంటికెళ్ళి, "రైలు ఆపించి మీ అమ్మను తెచ్చానే!" అని అమ్మాయితో గొప్పలు పోయాను. ఆవిడ కాదనలేదు. అందుకే ఇన్నాళ్ళకు నేనే కాదంటున్నాను.