మామ పంపిన తిరుగుబోతులు

మా మేనమామ పోయాడన్న కబురు నాకు సూరత్‌లోని అడాజన్‌లో బస్సు కోసం నిలబడి ఉండగా అందింది. ఫోన్ చేసింది అత్తమ్మ. ఏడవలేదు. "బిడ్డా, మామ పొద్దున చాయ్ తాగి జరసేపు పండుకుంట అన్నడు. లేపితే లేస్తలేడు. డాక్టర్ వచ్చి చూసి పోయిండు. నువ్వు రా," అంది. బస్సు వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, జనం ఎక్కారు, తలుపులు మూసుకున్నాయి. నీళ్ల అడుగు నుంచి చూస్తున్నట్టు ఆ బస్సు వెళ్లిపోవడం చూస్తూ నిలబడిపోయాను. తర్వాత ఆటో ఎలా ఎక్కానో, నవాగామ్‌లో వాళ్లింటికి ఎలా చేరానో ఇప్పటికీ సరిగా గుర్తు రాదు.

ఆయన పెద్ద పేరున్న మనిషి కాదు. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి మీసాలు సరిగా రాని వయసులో సూరత్ వచ్చాడు. జోల్వాలో మరమగ్గాల మీద పనిచేశాడు. మగ్గాల మోటార్లు బాగుచేయడం నేర్చుకున్నాడు. ఆ చేతివాటం చూసి, ఫోన్లూ ఇంటర్నెట్టూ ఇచ్చే ఒక చిన్న కంపెనీ వాళ్లు కేబుళ్లు వేసే పనికి పెట్టుకున్నారు. చదువు ఇంటర్ దగ్గర ఆగింది. కంప్యూటర్‌ను మాత్రం ఆ కంపెనీలోనే, పక్కన నిఘంటువు పెట్టుకుని, ఒక్కో మాట కింద పెన్సిల్‌తో గీత గీసుకుంటూ నేర్చుకున్నాడు. మా నాన్న మగ్గం పనివాడు. నన్ను ఇంజనీరింగ్ చదివించమని నాన్నతో నెల రోజులు వాదించింది మామే. చదువయ్యాక అదే కంపెనీలో నాకు ఉద్యోగం వచ్చింది, పని నేర్పే బాధ్యత ఆయన మీద పడింది. ఆఫీసులో సార్ అని పిలవాలని ముందు రోజు వంద సార్లు అనుకున్నాను. తీరా వెళ్లి "మామా" అనేశాను. గుజరాతీలో కూడా మేనమామను మామా అనే అంటారు కాబట్టి ఎవరికీ వింతగా అనిపించలేదు. వారం తిరిగేసరికి ఆఫీసంతా ఆయనకు మేనకోడళ్లూ మేనల్లుళ్లూ అయింది.

ఆయన చేసిన పని ఏమిటో మీకు చెప్పాలి. మీరు ఫోన్‌లో మాట్లాడుతున్నప్పుడు మీ మాట ఊళ్లో అక్కడక్కడా ఉన్న పెట్టెల గుండా వెళుతుంది. వీధి మూల ఇనుప పెట్టె, అపార్ట్‌మెంటు మెట్ల కింద పెట్టె, మిల్లు గోడకు తగిలించిన పెట్టె. మామ అన్నిటినీ డబ్బాలు అనేవాడు. అడాజన్‌లోని మా కంట్రోల్ రూములో గోడ మీద పెద్ద తెర ఉండేది. దాని మీద సూరత్ పటం, డబ్బాకొక చుక్క. బాగుంటే పచ్చగా, చెడితే ఎర్రగా. మామూలు పద్ధతిలో మధ్యలో ఉన్న పెద్ద కంప్యూటర్ ప్రతి డబ్బానూ మాటిమాటికీ ఎలా ఉన్నావని అడుగుతూ ఉంటుంది. ఆ ప్రశ్నలూ జవాబులూ జనం మాటలు నడిచే దారిలోనే నడవాలి. వాన పడి లైన్లు నలతపడ్డ రోజున కంప్యూటర్ ఇంకా ఎక్కువగా అడుగుతుంది, దారి ఇంకా ఇరుకవుతుంది.

మామా, అప్పట్లో అక్కడున్న ఒక ఇంజనీరూ కలిసి వేరే దారి పట్టారు. చేయాల్సిన పనిని తనలోనే మోసుకెళ్లే చిన్న ప్రోగ్రామ్‌ను తయారు చేశారు. అది కేంద్రం నుంచి బయల్దేరి ఒక డబ్బాలోకి వెళుతుంది, అక్కడే కూర్చుని ఆ డబ్బా బాగోగులు చూస్తుంది, తనకు చేతనైన మరమ్మతు అక్కడికక్కడే చేస్తుంది, ఒక్క చీటీ రాసుకుని పక్క డబ్బాకు పోతుంది. ఆసుపత్రికి కొత్త లైను తెరవాలన్నా, బట్టల మార్కెట్‌కు పెళ్లిళ్ల రోజుల్లో దారి వెడల్పు చేయాలన్నా అదే వెళ్లి చేసి వస్తుంది. పుస్తకాల్లో వీటిని మొబైల్ ఏజెంట్లు అంటారు. మామ తిరుగుబోతులు అనేవాడు.

"ఆ మాట బయట అనకుండ్రి. ఇజ్జత్ పోతది," అని అత్తమ్మ కసిరేది.

"తిరగకుంటే వాటికి తిండి దొరకది," అని మామ నవ్వేవాడు.

నాకు ఇప్పటికీ కళ్ల ముందు కదిలే దృశ్యం ఒకటుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మామ ఒక ఏజెంట్‌ను పంపేవాడు. పంపి తెర వైపు చూసేవాడు కాదు. కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకునేవాడు. ఏసీ మెల్లగా మూలుగుతుండేది. "ఇప్పుడు నది దాటింది," అనేవాడు నిద్రలో పలవరిస్తున్నట్టు. "డిండోలిల జర ఆగింది. అక్కడి డబ్బా ముసలిది, జల్ది జవాబియ్యది. ఇగో, ఇప్పుడు పల్సానా రోడ్డెక్కింది." ఏ డబ్బా ఏ గోడకు ఉందో, దాని మీద ఏ చెట్టు నీడ పడుతుందో, ఎక్కడ కుక్క పడుకుంటుందో ఆయనకు తెలుసు. ఆ కేబుళ్లు సగం ఆయన చేతులతో వేసినవే. వింటూ వింటూ నేనూ ఆ దారి వెంట తేలిపోయేదాన్ని. మగ్గాల షెడ్లు, ఎండలో ఆరేసిన చీరల రంగులు, ఖాడీ అని పిలిచే మురుగువాగు మీద వంతెన. కాసేపటికి కళ్లు తెరవకుండానే "వచ్చింది చూడు," అనేవాడు. చూస్తే నిజంగానే తిరిగొచ్చి ఉండేది.

"కూసున్నకాడికెల్లి అడిగితే నిజం దొరకది బిడ్డా. పోయి చూడాలె," అన్నది ఆయన నాకు నేర్పిన మొదటి మాట. రెండోది, "పంపుడు అందరికీ వస్తది. ముందుగాల వాపస్ వచ్చుడు నేర్పాలె."

ఆ రెండో మాటను నేను పెడచెవిన పెట్టాను.

చేరిన రెండో వానాకాలం అది. డబ్బాలన్నిటిలో ఒక సర్దుబాటు త్వరగా చేయాల్సి వచ్చింది. ఒక్క ఏజెంట్ అన్నీ తిరిగి రావడానికి చాలా సమయం పడుతుంది. అందుకని వెళ్లిన ప్రతిచోటా తనలాంటి దాన్ని ఇంకొకదాన్ని పుట్టించుకునే వీలు దానికిచ్చాను. ఎన్ని పుట్టించుకోవచ్చో హద్దు రాయడం మర్చిపోయాను. మామ సంతకం లేకుండా ఏ ఏజెంటూ బయటికి పోదు. ఆయన అప్పుడు ఎవరితోనో ఫోన్‌లో ఉన్నాడు. నా ముఖం చూసి, తెర చూడకుండా అనుమతి నొక్కాడు.

పదకొండింటికి నవాగామ్‌లో ఒక చుక్క ఎర్రబడింది. తర్వాత దాని పక్కది. చూస్తుండగానే డిండోలి మొత్తం ఎర్రబారింది. ఒక్కో డబ్బాలో నా ఏజెంట్లు వందలుగా పుట్టి కిక్కిరిసిపోయాయి, జనం మాటలకు చోటు లేకుండా పోయింది. కేంద్రం నుంచి ఆపుదామంటే ఆ ఆదేశం లోపలికి వెళ్లే దారి కూడా లేదు. బయట జోరున వాన. మామ తెరను ఒక్కసారి చూశాడు. రెయిన్‌కోటు తగిలించుకుని, "నువ్వు కుర్సీల నుంచి లేవకు," అని చెప్పి స్కూటర్ మీద వెళ్లిపోయాడు.

ఆ రోజు నాలుగు గంటల పాటు నేను చూసింది ఆ పటాన్నే. ఫోన్లు పలకవు కాబట్టి ఆయన ఎక్కడున్నాడో తెలియదు. కానీ కాసేపటికి ఒక ఎర్రచుక్క ఆరిపోయి పచ్చగా వెలిగింది. ఇంకాసేపటికి దాని పక్కది. మోకాటి లోతు నీళ్లలో ఒక్కో డబ్బా దగ్గరికి వెళ్లి, ఆపి, తుడిచి, మళ్లీ మొదలుపెడుతూ పోతున్నాడు. పటం మీద పచ్చచుక్కలు ఒకదాని వెనుక ఒకటి పూస్తుంటే, వానలో ఆయన అడుగులు నాకు కనబడుతున్నట్టే ఉంది. భయం పోయింది. ఏదో కలలో కూర్చున్నట్టు ఆ వెలుగుల వెంట నడిచాను.

మర్నాడు మేనేజర్ మమ్మల్నిద్దరినీ పిలిచాడు. వయసు మళ్లిన గుజరాతీ మనిషి, మాతో హిందీలో మాట్లాడేవాడు. ఇది ఎవరి పని అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా మామ "నాది," అన్నాడు. నేను నోరు మూసుకున్నాను. ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. ఆ రోజుల్లో నాన్న పనిచేసే షెడ్డు మూతపడింది, ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. అది నిజమే. భయపడ్డానన్నది అంతకంటే నిజం. మామను కంట్రోల్ రూము నుంచి తీసేసి మళ్లీ కేబుళ్ల పనికి పంపారు. ఆయన కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు.

వారం తర్వాత మామ నన్ను నవాగామ్‌లో ఒక ఇంటికి తీసుకెళ్లాడు. జగిత్యాల వైపు నుంచి వచ్చిన మగ్గం పనివాళ్ల ఇల్లు. మంచం మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఫోన్లు పోయిన ఆ రోజే ఆయనకు గుండెనొప్పి వచ్చింది. అంబులెన్స్‌కు ఫోన్ కలవలేదు. వీధివాళ్లు కూరగాయల తోపుడుబండి మీద పడుకోబెట్టి, నీళ్లలో తోసుకుంటూ ఆసుపత్రికి చేర్చారు. బతికాడు. ఎవరం, ఎందుకొచ్చామని ఆయన అడగలేదు. ఫోన్ల కంపెనీ వాళ్లమని మామ చెబితే చాయ్ పెట్టించాడు.

"ఫోన్ పోతే ఏమైంది అన్నా, నలుగురు మనుషులు దొరికిండ్రు," అన్నాడు ఆ పెద్దాయన.

చాయ్ సగంలోనే గ్లాసు కింద పెట్టేశాను. బయటికొచ్చాక మామ ఒక్కటే అన్నాడు: "నిన్ను ఏడిపియ్యనీకి తీస్కరాలే. చుక్క ఎర్రగైతే అక్కడ ఎవరుంటరో తెల్వాలె."

రెండేళ్లు గడిచాయి. నేను హద్దులు రాశాను. ఏ ఏజెంట్ ఎన్ని రూపాలు ఎత్తవచ్చు, ఎంతసేపు బతకవచ్చు, దారి తప్పితే ఎలా ఆరిపోవాలి, అన్నీ. మామ సాయంత్రాలు ఆఫీసు కింద చాయ్ బండి దగ్గర కలిసి "మనోళ్లు మంచిగ తిరుగుతున్నరా?" అని అడిగేవాడు. ఆ వానరోజు మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఆయన ఎత్తకపోవడం నాకు మొదట్లో ముల్లులా ఉండేది, తర్వాత తర్వాత హాయిగా ఉండసాగింది. ఆ హాయిని చూసి ఒకరోజు నాకే భయమేసింది. లేచి మేనేజర్ గదిలోకి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ప్రతి ఏజెంట్ మీదా పంపినవాళ్ల పేరు ఉంటుంది కదా బేటా. ఆ రోజు తుడిచేసిన ప్రతి దాని మీదా నీ పేరే ఉంది. నాకు మొదటే తెలుసు."

"మరి మామను ఎందుకు పంపించారు?"

"ఆ రోజు నువ్వు వెళ్లాక ఆయనే అడిగాడు. రాసింది ఆమె, చూడకుండా తాళం తీసింది నేను, కాబట్టి తప్పు నాదన్నాడు. అది అబద్ధం కాదు కదా. ఇప్పుడు ఆమెను తీసేస్తే జన్మలో మళ్లీ దేన్నీ పంపే ధైర్యం చేయదు, కూర్చోనివ్వండి అన్నాడు."

ఆ మధ్యాహ్నమే జోల్వా వెళ్లాను. ఒక షెడ్డు గోడ పక్కన మామ డబ్బా తెరిచి పని చేసుకుంటున్నాడు. లోపల వందల మగ్గాల చప్పుడు, నేల సన్నగా అదురుతోంది. చెప్పాల్సింది గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది. మేనేజర్‌కు చెప్పేశానని, రెండేళ్లు నోరు మూసుకున్నందుకు నన్ను కొట్టమని. ఆయన స్క్రూ బిగించడం పూర్తి చేసి, డబ్బా మూసి, చేతులు తుడుచుకున్నాడు.

"మంచిగనే వచ్చినవ్," అన్నాడు. "దారి దూరం గద."

తర్వాత గోడనీడలో కూర్చుని టిఫిన్ విప్పాడు. జొన్నరొట్టె, వంకాయ కూర. సగం విరిచి నా చేతిలో పెట్టాడు. "తిను. మొఖం గట్ల పెట్టకు."

మేనేజర్ మళ్లీ లోపలికి రమ్మని పిలిచినా మామ వెళ్లలేదు. "లోపల కూసుంటే బొమ్మ కనబడతది. బయట తిరిగితే ఊరు కనబడతది. కుర్సీ మా బిడ్డదే," అన్నాడట. రిటైరయ్యేదాకా కేబుళ్ల పనిలోనే ఉన్నాడు. వర్షం పడ్డ రోజున ఏ డబ్బా ఎందుకు మూలుగుతోందో ఫోన్ చేసి చెప్పేవాడు. తర్వాతి సంవత్సరాల్లో నేను రాసిన ప్రతి ఏజెంట్‌లోనూ ఆయన చెప్పిన సంగతి ఏదో ఒకటి ఉంటుంది. నా దగ్గర కొత్తగా చేరినవాళ్లకు ఆ నవాగామ్ ఇల్లు చూపించాకే పని ఇస్తాను. ఆ పెద్దాయన ఇప్పుడు లేడు. ఆయన కోడలు చాయ్ ఇస్తుంది.

మామకు పిల్లలు లేరు. తమ్ముడి కొడుకు నిప్పు పెట్టాడు. మూడో రోజు పగటిపూట అస్థులు కలపడానికి తాపీ నది ఒడ్డుకు వెళ్లాం. అత్తమ్మ కూడా వస్తానంది, ఎవరూ కాదనలేదు. మబ్బు పట్టి వెలుతురు పాలలా ఉంది. కుండ వంచాక బంతిపూల రేకులు నీళ్ల మీద పరుచుకున్నాయి. అవి సముద్రం వైపు పోతాయని చూస్తున్నాం. పోలేదు. కాసేపు ఒక్కచోటే మెల్లగా తిరిగి, తర్వాత ఎగువకు, ఊరి వైపుకు కదిలాయి.

"గిటు పోతున్నయేంది?" అంది అత్తమ్మ.

పక్కనున్న పడవవాడు సముద్రం పోటు మీద ఉందనీ, ఇంకో నాలుగు గంటలకు నీళ్లు మళ్లుతాయనీ చెప్పాడు.

అత్తమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుని తడి మెట్టు మీద కూర్చుంది. "అయితే జరసేపు కూసుందాం బిడ్డా," అంది. పక్కన కూర్చున్నాను. పసుపు రేకులు వరుసగా వంతెన నీడలోకి వెళ్లి నల్లబడ్డాయి. అవతలి వైపు ఒక్కొక్కటే బయటికొచ్చి వెలుగుతూ, ఇళ్ల మధ్యకు సాగిపోయాయి.