ఎడమచేతి ప్రమాణం చెల్లదు

ఆ ఫైనల్లో నేను ఎనభై నాలుగు పరుగులు కొట్టానని మా మనవళ్ళకు చెప్పి ఉన్నాను. అందులో ఒక సిక్సరు ధర్మపురి బస్టాండులో బయల్దేరుతున్న సేలం బస్సు మీద పడిందనీ, ఆ బంతి బస్సుతో పాటే సేలం చేరిందనీ కూడా చెప్పాను. నమ్మారు. చిన్నవాడు మాత్రం, మైదానానికీ బస్టాండుకూ ఎంత దూరం తాతా అని అడిగాడు. వాడు బాగుపడతాడు.

నిజానికి నేను బ్యాటు పట్టలేదు. హద్దు పక్కన రేకు పెట్టె మీద కూర్చుని స్కోరు రాసేవాణ్ణి. బంతులు, బెయిల్సు, స్కోరు పుస్తకం ఆ పెట్టెలో ఉండేవి. తాళంచెవి నా మొలతాడుకు. జట్టులో నాకున్న హోదా అదొక్కటే. ఆ ఆట చూడడానికి అయిదు వేల మంది వచ్చారు. సరే, మూడు వందలు. మేకలు కాక.

మన దేశం కప్పు గెలిచిన మరుసటి ఏడు. ఊరూరా జట్లు పుట్టాయి. తమిళనాడు ధర్మపురిలో మా తెలుగు వీధి జట్టుకు బట్టల కొట్టు యజమాని మేనేజరు. బంతులు కొనేది ఆయన, కాబట్టి న్యాయం చెప్పేదీ ఆయనే.

జట్టులో ఒక వీరుడు ఉండేవాడు. వాడి ఆట గురించి అబద్ధం చెప్పే అవసరం లేదు, అంత అందంగా ఆడేవాడు. మంగలి వాడి దగ్గర డబ్బు తీసుకోడు, కండక్టరు టికెట్టు కొట్టడు. పొద్దున ఆరింటికి మేమంతా రాతి రోలరు లాగుతుంటే వాడు ఎనిమిదింటికి తల దువ్వుకుని వచ్చేవాడు. ప్రాక్టీసులో వాడి వికెట్టు ఎగిరిపోతే, పేపరు చదువుతున్న మేనేజరు తల ఎత్తకుండానే “నో బాల్” అనేవాడు.

ఆ వికెట్టు ఎగరగొట్టేవాడు ఇంకొకడు. పిక్కిలి అనే కొండ ఊరి నుంచి వచ్చి, మా వీధిలో మేనత్త ఇంట్లో ఉంటూ, మేస్త్రి కింద ఇటుకలు మోసేవాడు. వట్టి కాళ్ళతో లెగ్ స్పిన్ వేసేవాడు. సాయంత్రం ప్రాక్టీసుకు పని నుంచి నేరుగా వచ్చేవాడు గనక రోజూ కాస్త ఆలస్యమయ్యేది. ఆలస్యానికి శిక్ష మైదానం చుట్టూ నాలుగు రౌండ్లు. తలలో సిమెంటు దుమ్ముతో ఆ నాలుగూ పరిగెత్తి, తర్వాత బంతి అందుకునేవాడు. వీరుడు ఆలస్యంగా వస్తే వాడికి టీ.

సెమీఫైనల్ చూడడానికి సేలంలోని ఒక నూలు మిల్లు నుంచి మనిషి వచ్చాడు. ఆ మిల్లుకు సొంత జట్టు ఉంది, బాగా ఆడేవాళ్ళకు పని ఇస్తారు. ఆయన మా ఇటుకల వాణ్ణి పిలిచి, ఫైనల్ అయ్యాక వచ్చే శుక్రవారం సెలెక్షనుకు రమ్మన్నాడు. వాడు ఆ సంగతి వీధిలో కుక్కలకు కూడా చెప్పాడు.

“పర్మనెంటు పనంట అన్నా. యూనిఫారం ఇస్తారంట. మధ్యానం క్యాంటీన్లో కూడు. ఇంక ఇటుక ముట్టేది లేదు నేను.”

“ముందు బంతి సరిగా ముట్టు,” అన్నాను. నాకు ఎవరూ ఏ యూనిఫారమూ ఇస్తామనలేదు.

ఫైనల్ పొద్దున వీరుడు దుప్పట్లో చుట్టిన పొడుగాటి వస్తువు తెచ్చి, “పెట్టెలో పెట్టుకోరా” అన్నాడు. విప్పి చూశాను. బెంగుళూరు నుంచి వచ్చిన కొత్త బ్యాటు. పిడికి ప్లాస్టిక్ కాగితం కూడా తియ్యలేదు.

“ఎవురిచ్చినారురా?”

“మేనమామ.”

“నీకు మేనమామ లేడు గదా?”

“నిన్న పుట్టినాడు.” నవ్వాడు. సంచిలోంచి తన పాత క్యాన్వాసు బూట్లు తీసి నా ఒళ్ళో పడేశాడు. వాటి పక్కన నీలం గీతలు వాడే రంగుతో గీసుకున్నాడు. ఊరంతా ఎరిగిన బూట్లు. “ఇవి నీకు. నోరు మాత్రం కుట్టుకో.”

నాకు అప్పటిదాకా బూట్లు లేవు. పెట్టెకు తాళం వేశాను.

ఎదుటి జట్టు ఏ ఊరిదో చెప్పను. వాళ్ళు ముందు ఆడి నూట ముప్ఫై ఒకటి చేశారు. మా స్పిన్నరు నాలుగు వికెట్లు తీశాడు గానీ, చివరి ఓవర్లో అంచులకు తగిలిన బంతులే పదిహేను పరుగులయ్యాయి. తర్వాత మా వీరుడు ఇరవై దాటాక ముందుకు దూకి ఒక బంతిని వదిలేశాడు. మా అవ్వ చీపురుతో కొట్టినా బౌండరీకి పోయే బంతి అది. కీపరు వికెట్లు పడగొట్టాడు. అలా ఔటైన ఎవడైనా ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తాడు. వీడు చూడలేదు. నేరుగా నడిచి వచ్చేశాడు. ఎనిమిది పరుగులతో ఓడిపోయాం.

సోమవారం పొద్దుటికల్లా, ఎవడో ఆట అమ్ముకున్నాడని వీధిలో పొగ లేచింది. సాయంత్రం మేనేజరు తన ఇంటి వసారాలో జట్టును కూర్చోబెట్టాడు. మా వీధిలో దొంగతనం తేలకపోతే అమ్మవారి పటం ముందు కర్పూరం వెలిగించి, అరచేత్తో ఆర్పి ప్రమాణం చేయిస్తారు. తప్పు చేసినవాడికే కాలుతుందని నమ్మకం. పళ్ళెం పెట్టడానికి పీట దొరకలేదు. నా రేకు పెట్టె మీద పెట్టారు. దుప్పట్లో చుట్టిన బ్యాటు ఇంకా అందులోనే ఉంది.

మొదటి వరస వీరుడిది. వాడు చెయ్యి చాపబోతుంటే మేనేజరు ఆపాడు.

“నువ్వొద్దప్పా. వచ్చే ఆదివారం జిల్లా ఆటుంది. ఆ చేతికి ఏమన్నా అయితే ఊరి మానం ఏమి కావాల? నోటితో చెప్పు, చాలు.”

“సత్తియంగా నాకేమీ తెలీదు,” అన్నాడు వీరుడు. దేవత పటం వైపు కాదు, నా వైపు చూస్తూ అన్నాడు.

మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి టప్పున కొట్టి ఆర్పేశారు. ప్రతిసారీ నేను కొత్త బిళ్ళ వెలిగించాను. చివరికి ఇటుకల వాడి వంతు.

“నాకూ ఆటుంది సామీ,” అన్నాడు వాడు. “శుక్రవారం సేలం పోవాల. నేనూ నోటితో చెప్తాను.”

“ఇటుకలు మోసే చెయ్యిరా అది. దానికేమి కాల్తుంది?”

“ఈ వేళ్ళతోనే గదా సామీ బంతి తిప్పేది?”

“చివరి ఓవరేసింది ఎవురు? పదిహేనిచ్చింది ఎవురు?”

వాడు తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు: “ఎడమ చేత్తో చేస్తాను సామీ. అదీ నా చెయ్యే గదా.”

అప్పుడు నేను దిగ్గున లేచి, ఇది అన్యాయం, వీరుడికో న్యాయం కూలివాడికో న్యాయమా అని గర్జించాను. నా పెళ్ళిలో మామగారికి ఈ కథ ఇలాగే చెప్పాను. ఆయన కళ్ళు తడి చేసుకున్నాడు.

నేను లేవలేదు. ఎడమ చెయ్యి అనగానే మేనేజరు మెత్తబడ్డాడు, “సరే, కానీలే” అనబోయాడు. ఆ పెదవుల కదలిక నేను చూశాను. అంతలో ఒక గొంతు లేచింది:

“ఎడమచేతి ప్రమాణం చెల్లదు. దాంతో ఏమి కడుక్కుంటామో అమ్మవారికి తెలీదా?”

వసారా అంతా ఘొల్లుమంది. మేనేజరు కూడా నవ్వాడు. నవ్వాక ఇక మెత్తదనం ఎక్కడిది?

ఆ గొంతు నాది. పెట్టె తెరవకముందే పంచాయితీ ముగిసిపోవాలని ఉండింది, నిజమే. కానీ దాని కంటే పెద్ద నిజం ఇంకొకటి ఉంది. ఆ జట్టులో అంతకు ముందు నా మాటకు ఎవరూ నవ్వలేదు. ఆ నవ్వు రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది.

వాడు కుడిచెయ్యి చాపాడు. అందరిలా టప్పున కొట్టి ఉంటే ఏమీ అయ్యేది కాదు. టప్పున కొట్టడం దొంగలకూ, అలవాటైన వాళ్ళకూ తెలిసిన విద్య. వీడికి అబద్ధం లేదు గనక భయమూ లేదు. కళ్ళు మూసుకుని, దేవత పాదాల మీద పెట్టినట్టు, మెల్లగా అదిమాడు. కరిగిన కర్పూరం వేళ్ళకు అంటుకుని అక్కడే మండింది. కేక వెయ్యలేదు. కళ్ళు తెరిచి, మండుతున్న తన వేళ్ళను ఆశ్చర్యంగా చూశాడు, ఆ తర్వాతే విదిలించాడు.

“కాలింది చూడు!” అన్నారెవరో. ఈసారి నేను కాదు.

చూపుడువేలికీ ఉంగరం వేలికీ చింతగింజలంత బొబ్బలు. వాణ్ణి జట్టులోంచి తీసేశామని మేనేజరు చెప్పాడు. స్కోరు పుస్తకంలో పేరు కొట్టెయ్యమన్నాడు. కొట్టేశాను. స్కేలు పెట్టి మరీ కొట్టేశాను.

శుక్రవారం నేను వాడికి తోడుగా సేలం వెళ్ళలేదు. వెళ్ళానని రాయాలనే ఈ కాగితం ముందు కూర్చున్నాను, చెయ్యి రాలేదు. ఆ పొద్దున బస్టాండులో, చేతికి పసుపు గుడ్డ చుట్టుకుని బస్సు కోసం నిలబడిన వాణ్ణి చూసి టీ కొట్టు బోర్డు వెనక దాక్కున్నాను. సాయంత్రం మళ్ళీ అదే టీ కొట్టు దగ్గర ఉన్నాను. ఏమైందో తెలుసుకోకుండా ఉండలేకపోయాను. సేలం బస్సు దిగి వాడు నేరుగా నా దగ్గరికే వచ్చాడు.

“మూడు బంతులేసినానన్నా. నాలుగోదానికి బొబ్బ పగిలింది. బంతికంతా తడి. ఆ పెద్దమనిషి బంతి తుడిపించుకొని, చెయ్యి మాన్పుకొని రా అప్పా అన్నాడు.”

“మాన్పుకొని పో అయితే.”

“ఈ పొద్దే ఇంకొకణ్ణి తీసుకున్నారు.”

టీ చెప్పాను. గ్లాసు ఎడమ చేత్తో అందుకున్నాడు. ఒక గుటక వేసి తల దించాడు. ఇక ఎత్తలేదు. ఏం చూస్తున్నాడా అని నేనూ కిందికి చూశాను. నా కాళ్ళకు ఆ బూట్లు. నీలం గీతలు. ఆ రోజే మొదటిసారి తొడుక్కున్నాను.

బస్సు వచ్చింది, పోయింది. వాడు టీ మొత్తం తాగాడు.

“సేలంలో కొన్నాను,” అన్నాను.

“బాగుండాయన్నా,” అన్నాడు వాడు. “నీకు కొంచెం చిన్నవి.”

గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. మర్నాడు ఎడమ చేత్తో ఇటుకలు అందిస్తూ కనిపించాడు. ఆదివారం జిల్లా ఆటలో మా వీరుడు కొత్త బ్యాటుతో సున్నాకు ఔటయ్యాడు. ఎండ కళ్ళలో పడిందని చెప్పి జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆ బూట్లు ఆ సాయంత్రమే విప్పి చెత్తలో పారేశానని చెప్పగలను. మీరు నమ్ముతారు కూడా. రెండేళ్ళు తొడిగాను. మడమలు ఒరుసుకుని పుండ్లు పడినా తొడిగాను.