నేను చింపించిన చీటీ

గల్ఫ్‌లో, దార్సైట్ అనే పేటలో మేమున్న బిల్డింగ్ వాచ్‌మన్ డబ్బు తీసుకుని పార్కింగ్ చీటీలు మాయం చేశాడని అక్కడి మా తెలుగువాళ్ళలో కొందరు ఇప్పటికీ అనుకుంటారు. అతను ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. మాయమైంది ఒక్కటే చీటీ. అది నా కారుది. చింపమన్నది నేను. ఈ మాట చెప్పాల్సిన రోజున నేను నోరు విప్పలేదు.

తొంభైల మొదట్లో సంగతి. నేనొక నిర్మాణ కంపెనీలో స్టోర్స్ చూసేవాణ్ణి. కంపెనీ ఇచ్చిన ఫ్లాట్‌లో నేనూ మా ఆవిడా ఉండేవాళ్ళం. బిల్డింగ్ వెనక కార్లకి గళ్ళు గీసి నంబర్లు వేశారు. కొన్నిటికి పైన రేకులున్నాయి, కొన్నిటికి లేవు. నా గడికి లేవు. దాని పక్కనున్న రేకుల గడి రెండో అంతస్తులో ఉండే ఈజిప్టు డాక్టరుది. మధ్యాహ్నం ఆయన ఆస్పత్రిలో ఉంటాడు కదా అని, భోజనానికి ఇంటికొచ్చినప్పుడు నా కారు అందులో పెట్టేవాణ్ణి. నాలుగింటికి మళ్ళీ డ్యూటీకి వెళ్ళేటప్పుడు స్టీరింగ్ పట్టుకుంటే చెయ్యి కాలకుండా ఉండేది. అంతకు మించి కారణమేమీ లేదు.

ఆయన రెండు మూడుసార్లు ఫిర్యాదు చేశాక బిల్డింగ్ ఆఫీసువాళ్ళు చీటీల పుస్తకం తెచ్చారు. వేరేవాళ్ళ గడిలో కారు కనిపిస్తే వాచ్‌మన్ కారు నంబరూ తేదీ రాసి చీటీ అద్దం మీద అంటించాలి. కార్బన్ కింది నకలు పుస్తకంలో ఉంటుంది. మూడు చీటీలు పడితే అద్దెకున్న మనిషి కంపెనీకి ఉత్తరం వెళ్తుంది. నాకు అప్పటికే రెండు పడ్డాయి. ఇంకొకటి పడితే ఆ ఉత్తరం మా మేనేజరు చేతికి వెళ్తుంది.

వాచ్‌మన్‌ది నిజామాబాద్ వైపు. అంతకు ముందు సైట్‌లో పనిచేస్తుంటే కాలి మీద ఇనప కడ్డీల కట్ట పడింది. కుంటుతూ బరువులు మొయ్యలేడని అతని కంపెనీ ఈ కూర్చునే పని ఇచ్చింది. మెట్ల కింద గది. ఇంగ్లీషు రాదు గానీ అంకెలు గుండ్రంగా రాసేవాడు. మా ఆవిడ అతన్ని అన్నయ్యా అని పిలిచేది.

మూడో చీటీ పడిన రోజు కిందికి దిగి అతన్ని పట్టుకున్నాను.

"ఏమయ్యా, మనవాళ్ళనైనా చూడవా?"

"డాక్టర్ సాబ్ ఇయ్యాల ఇంట్లనే ఉన్నడు సార్. మీదికెల్లి చూస్తుండె. రాయకపోతె నన్ను ఊకుంటడా?"

"రాశావు, ఆయన చూశాడు. అయిపోయింది. ఇప్పుడు చింపెయ్. లోపలి నకలు కూడా."

"పుస్తకంల నంబర్లుంటయ్ సార్. అడుగుతరేమో."

"ఎవడయ్యా నంబర్లు లెక్కపెట్టేది? నేను రోజూ ఇలాంటి పుస్తకాలతోనే చస్తున్నాను. ఏం కాదు, నా మాట విను."

విన్నాడు. ఆ పుస్తకాల సంగతి నాకు తెలుసు కనకే విన్నాడు. స్టోర్స్‌లో కొత్తగా చేరిన కుర్రాడికి మేం మొదటిరోజు చెప్పేదే అది. పాడైన కాయితాన్ని చింపకూడదు, అడ్డంగా గీత కొట్టి రద్దు అని రాసి పుస్తకంలోనే ఉంచాలి. నంబరు తప్పితే దొంగతనం కిందే లెక్క. కానీ గీత కొట్టి ఉంచితే దాని మీద నా కారు నంబరు కనిపిస్తుంది. అందుకే చింపించాను.

నెలాఖరున బిల్డింగ్ సూపర్‌వైజరు, కేరళ ఆయన, పుస్తకం తిరగేశాడు. నన్ను కిందికి పిలిపించాడు. అనుమానించి పిలిచాడనుకున్నాను. కాదు.

"మీ భాషవాడే కదా సార్," అన్నాడు హిందీలో. "ఎవరి దగ్గరో తిని చీటీ చింపాడు. ఎంతడిగినా పేరు చెప్పడు. నాకు పైకి పంపడానికి కాయితం కావాలి. వీడేం చెబితే అది ఇంగ్లీషులో రాసిపెట్టండి, సంతకం పెడతాడు."

వాచ్‌మన్ నా వైపు చూశాడు. నేను పెన్ను మూత తీశాను.

"ఏం రాయమంటావు?" అన్నాను తెలుగులో. అలా ఎలా అడగగలిగానో నాకిప్పటికీ తెలియదు.

"మీకు తెల్వందేమున్నది సార్," అన్నాడు. "మీకెట్ల తోస్తె అట్ల రాయున్రి."

చీటీ నేనే చింపాను, ఎవరి కారుదో గుర్తు లేదు, అని అతని మాటలుగా రాశాను. అతనికి చదివి వినిపించలేదు. అతను తెలుగులో సంతకం పెట్టాడు.

మూడోరోజు అతని కంపెనీ బస్సు వచ్చి అతన్ని నిజ్వా దారిలో రోడ్డు పని సైట్‌కి తీసుకుపోయింది.

"అన్నయ్య కనపడ్డం లేదేంటండీ?" అంది మా ఆవిడ.

"తీసేశారు. డబ్బు తీసుకున్నాడంటున్నారు."

"అతనా? మనింట్లో టీ తాగితే గ్లాసు కడిగిచ్చిపోయే మనిషి!"

"మొహం మీద రాసుంటుందా ఏంటి?" అన్నాను. ఆ శుక్రవారం, సెలవురోజు, గుడి దగ్గర ఆ మాటే నలుగురికీ పాకింది. దాన్ని మొదలుపెట్టింది నా నోరే.

ఏడాదిన్నర తర్వాత, ఘాలాలో గోడౌన్ పనికి వెళ్ళినప్పుడు ఒక హమాలీ మాటల మధ్య చెప్పాడు, దార్సైట్ పాత వాచ్‌మన్‌కి కాలు మరీ పాడైందని, ఇక పనికి రాడని ఇంటికి పంపేస్తున్నారని, ఆ వారమే ప్రయాణమని. ఆ శుక్రవారం అతని కంపెనీ కూలీలుండే క్యాంపుకి వెళ్ళాను. గదిలో ఎనిమిది మంచాలు, ఒకదాని మీద ఒకటి. కింద కూర్చుని ఇద్దరు ఉల్లిగడ్డలు కోస్తున్నారు.

"ఎవలు గావాలె సార్?"

చెప్పాను.

"ఓ, చీటీల సేటా? ఓ సేటూ! నీకోసం కారేసుకొని వచ్చిన్రు. ఏడ పెట్టిన్రో చూసి చీటీ రాయరాదు!"

గదంతా నవ్వింది. అట్టపెట్టెకి తాడు కడుతున్న అతనూ కొంచెం నవ్వాడు. ఆ నవ్వుకి అలవాటుపడిపోయినట్టు. మంచం పట్టుకుని లేచాడు.

"కూసోన్రి సార్. మేడం మంచిగున్నదా?"

"బయటికి రా, మాట్లాడాలి," అన్నాను.

"కాలుతోని తిప్పలైతది సార్. ఈడనే చెప్పున్రి, అందరు మనోళ్ళే. గా ఇద్దరిది మా ఊరే."

బయట, అతనొక్కడికే చెప్పి వెళ్ళిపోదామని వచ్చినవాణ్ణి. ఆ ఇద్దరి వైపు చూశాను. వాళ్ళ ఉత్తరాల్లో చీటీల సేటు అన్న ఈ పేరు అతనికంటే ముందే ఊరు చేరి ఉంటుంది. నిలబడే చెప్పాను.

"ఆ చీటీ నా కారుది. చింపమన్నది నేను. ఇతను వద్దన్నా వినలేదు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. ఆఫీసులో కాయితం మీద అబద్ధం రాసి సంతకం పెట్టించింది నేనే. డబ్బు తిన్నాడని మావాళ్ళలో చెప్పిందీ నేనే."

కత్తులు ఆగాయి. అతను తల వంచుకుని తాడు ముడి చూస్తున్నాడు.

"తప్పు నాది," అన్నాను అతనితో. "నన్ను క్షమించు అన్నా."