ఐస్ బండికి ఆయుధ పూజ

ఇప్పుడు చెప్పబోయేది ఒక ఘోరం. చదివినంక నన్ను మూర్ఖుడని తిట్టుకుంటే తిట్టుకోండ్రి, మా మేనేజర్ అంతకంటే పెద్ద మాటలే అన్నడు, అదీ అరబీల. ఒక దేశపు జాతీయ ఐస్ హాకీ జట్టు, దాని అంతర్జాతీయ చరిత్ర, ఆ చరిత్ర నడిమిట్ల కోరుట్లకెల్లి వచ్చి దూరిన ఒక గంగారాం. ఆ గంగారాం నేనే. సౌదీల ఐస్ హాకీ ఏందని అప్పుడే నవ్వకుండ్రి, నవ్వేది ముందట ఉన్నది.

కొన్నేండ్ల కిందటి ముచ్చట. దమ్మామ్‌ల ఒక మాల్, దాంట్ల కింది అంతస్తుల స్కేటింగ్ రింకు. బయట చెప్పుల్లేకుంట అడుగు పెడితే అరికాలు కాల్తది, లోపట స్వెట్టర్ లేకుంటే పండ్లు కొట్టుకుంటయి. ఆ మంచు కరగకుంట చూసుడు నా పని. మంచును గడ్డకట్టించే చిల్లర్ మిషన్ నేనే చూస్త, ఐస్ బండి నేనే నడుపుత. ఐస్ బండంటే చిన్న ట్రాక్టరంత ఉంటది. పోతుంటే కింద బ్లేడు గరుకు మంచును గీకుతది, ఎనుక ఒక పొడుగు బట్ట వేడినీళ్లు పూసుకుంట వస్తది, ఆ నీళ్లు గడ్డకట్టి మంచు అద్దం లెక్క అయితది. వాకిలి అలికినట్టే అనుకోండ్రి.

ఇంత పని చేసే నాకు ఇకామా, అంటే సౌదీల ఉండనిచ్చే కార్డు మీద రాసిన కొలువేందో ఎరుకేనా? గొర్ల కాపరి. ఏజెంటు ఏ వీసా దొరికితే ఆ వీసా మీద పంపిండు. నేను సౌదీల ఒక్క గొర్రెను గూడ పానంతోని చూడలే, అన్నం పళ్లెంలనే చూసిన. నవ్వులాటకు బాగనే ఉంటది గని, గొర్ల కాపరి పెండ్లాన్ని విజిట్ వీసా మీద పిలిపించుకోరాదు. లావణ్యతోని నాకు పెండ్లయి రెండేండ్లు, ఇద్దరం ఒక్క ఇంట్ల ఉన్నది నలభై రోజులు. మిగిలిన కాపురమంత వీడియో కాల్‌లనే. ఆమెను తీసుకురావాలంటే కార్డు మీద కొలువు మారాలె, కొలువు మారాలంటే ముదీర్ సంతకం పెట్టాలె. ముదీర్ అంటే మా మేనేజర్, అబూ ఫహద్. ఏడాది సంది ఆయన ఎనుక తిరుగుతున్న.

ఒకనాడు ఆయనే పిలిచిండు. "గంగా, వచ్చే వారం జాతీయ జట్టు మన రింకుల ఆడుతది. పక్క దేశం జట్టు వస్తున్నది. ఏ గడబిడ లేకుంట అయిందంటే మర్నాడే నీ కాగితం మీద సంతకం పెడుత."

"గడబిడ అయితే సార్?"

"ఫైనల్ ఎగ్జిట్. ఇంటికి టికెట్ నేనే కొనిస్త."

జట్టు గురించి జర చెప్పాలె. వాళ్లు మా రింకులనే ప్రాక్టీసు చేద్దురు, అదీ చిన్నపిల్లల బర్త్‌డే పార్టీలు అయినంక. పిల్లలు పట్టుకొని జారే ప్లాస్టిక్ పెంగ్విన్ బొమ్మలుంటయి గదా, అవన్ని నేను పక్కకు గుంజేదాక జాతీయ జట్టు కర్రలు పట్టుకొని లైన్ల నిలవడుతుండె. కెప్టెన్ మంచి మనిషి. చలిదేశంల చదువుకోవడానికి పోయి, డిగ్రీతో పాటు ఈ ఆటను గూడ తెచ్చుకున్నడు. ఆయన ఇంగ్లిషు, నా అరబీ, ఇద్దరికీ అరకొరగ వచ్చిన హిందీ, మూడూ కలిపి చాయ్ తాగుకుంట ముచ్చట పెట్టేటోళ్లం.

"కెప్టెన్ సాబ్, బయటి దేశాల మీద మీ చరిత్ర ఎట్లుంది?" అని అడిగిన ఒకనాడు.

"మస్తుంది. మొదటిసారి పోయినం, ఓడినం. మంచి అనుభవం అన్నరు. రెండోసారి పోయినం, ఓడినం. ఇంకా మంచి అనుభవం అన్నరు. ఇప్పుడు మా దగ్గర అనుభవం ఎంతుందంటే, పెట్టుకోవడానికి జాగ లేదు."

"మరి ఈ పక్క దేశం?"

"వాళ్లు మాకు అందరికంటే ఎక్కువ అనుభవం ఇచ్చిన్రు." కప్పు కిందబెట్టి అన్నడు, "ఈసారి మా అమ్మ చూడవస్తున్నది గంగా. ఆమె ముందటన్న ఓడొద్దు."

ఆ మాట నా మనసుకు తాకింది. ఆయనకు అమ్మ, నాకు లావణ్య. ఇద్దరి బతుకూ ఒక్క మంచుగడ్డ మీదనే ఉన్నది. దీనికి నావంతు నేనేమన్న చేయాలె అనుకున్న. మీకు మనవి, నావంటోడు ఇట్ల అనుకున్నప్పుడు ఎవరన్న వచ్చి రెండు చేతులూ కట్టెయ్యాలె.

మ్యాచ్ దినమే దసరా పడ్డది. మా ఇంట్ల దసరా అంటే ఆయుధ పూజ. నాయిన ట్రాక్టర్‌కు పసుపు పూసి, కుంకుమ పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించనిది పొలం దిక్కు తోలడు. మరి నాకు అన్నం పెట్టే బండి ఇది కాదా? పొద్దున్నే షెడ్డు తలుపు దగ్గరికేసి, సంచిలకెల్లి పసుపు ప్యాకెట్ తీసిన. స్కేటింగ్ బూట్లు కిరాయికిచ్చే కౌంటర్ల పనిచేసే మహబూబ్ బాషా, కడపాయన, నా రూమ్మేటు, సందుల నుంచి తొంగి చూసిండు.

"ఏం గంగన్నా, యాడన్నా సచ్చిపోదామనుకుంటాండావా? ముదీర్ సూశాడంటే నిన్నూ నీ బండినీ కలిపి ఎగ్జిట్ కొడతాడు."

"తుడిచేస్తనే భాయ్. జర బొట్టు, అంతే."

"తుడిసెయ్‌ మల్ల. నాకేం తెలీదు, నేనేం సూళ్లేదు," అనుకుంట పోయిండు.

వీడియో కాల్‌ల లావణ్య పూజ చేయిస్తున్నది.

"ఏమయ్య, ముందట పెట్టినవా?"

"పెట్టిన."

"ఎనుక?"

"ఎనుక బట్టనే ఉన్నది."

"బట్ట బండిది కాదా? దానికీ పెట్టు. ఆ పెద్ద డబ్బా ఏంది?"

"నీళ్ల ట్యాంకు."

"చిటికెడు అండ్ల ఏసి దండం పెట్టు. చిటికెడేనయ్య, మల్ల!"

చిటికెడే అన్నది. ఇది మా ఇంట్ల చదువుతరని భయపడి రాస్తలేను, నిజంగనే చిటికెడన్నది. చిటికెడు పసుపుకు వీసా వస్తదా అని నేనే పిడికెడు ఏసిన. కెప్టెన్ అమ్మ యాదికొస్తే ఇంకో పిడికెడు ఏసిన. ప్యాకెట్ల కొద్దిగ మిగిలితే, మిగిల్చి ఏం లాభమని అదీ గుమ్మరించిన. బట్ట నిండ కుంకుమ అద్దిన. టైర్లు నిమ్మకాయలు తొక్కినయి. బండి ముందటి భాగం శుభ్రంగ తుడిచిన. ముందటి భాగమే. ఎనుక మాట మర్చిపోయిన.

సాయంత్రం రింకు కిటకిటలాడుతున్నది. సోఫాలల్ల పెద్దోళ్లు, ముందు వరుసల కెప్టెన్ అమ్మ. ముదీర్ కాళ్లదాక పొడుగున్న తెల్ల తోబ్‌ల మెరిసిపోతున్నడు. నాకు చెయ్యి ఊపిండు. నేను బండెక్కి మంచు మీదికి పోయిన.

ఐస్ బండి నడిపేటోడు ముందటికే చూస్తడు, ఎనుకకు చూడడు. ఒక చుట్టు తిరిగిన. జనం లేచి నిలవడ్డరు. పిల్లలు కేకలేస్తున్నరు, ఫోన్లు పైకి లేచినయి. అరె, మనోళ్లకు నా పని గింత నచ్చిందా అనుకొని చెయ్యి ఊపిన. కేకలు ఎక్కువైనయి. ఇంకో చెయ్యి గూడ ఊపిన. బాషా అద్దం అవతల రెండు చేతులూ తల మీద పెట్టుకొని ఏందో మొత్తుకుంటున్నడు. ఆయనకు గూడ దండం పెట్టిన. ఉత్సాహం ఆగక ఇంకో రెండు చుట్లు ఎక్కువ కొట్టి బండి దిగి ఎనుకకు చూసిన.

మంచు లేదు. జాతీయ జట్టు ఆడే తెల్ల మంచు లేదు. గోడ నుంచి గోడదాక పులిహోర కలిపి పరిచినట్టున్నది. నడిమిట్ల కుంకుమ చారలు. ఆటకు నడిమిట్ల ఎర్రగీత ఒక్కటుండాలె, నేను ఏడెనిమిది కొట్టిన.

రెఫరీ వచ్చిండు. పసుపు మంచును చూసిండు, నన్ను చూసిండు, మల్ల మంచును చూసిండు. ముదీర్ తోబ్ రెండు చేతుల్తోని ఎత్తిపట్టుకొని ఉరికొచ్చిండు.

"ఏష్ హాదా? ఇదేంది గంగా?"

"కెమికల్ సార్." నా నోరు నన్ను అడగకుంటనే చెప్పింది. "మంచు గట్టిపడే మందు. జపాన్‌ది."

కెప్టెన్ వంగి, గ్లౌజు తీసి, వేలుతోని గీకి ముక్కు దగ్గర పెట్టుకున్నడు. "ఇది కుర్కుం. మా అమ్మ కబ్సా అన్నంల ఏస్తది."

"జపాన్ కుర్కుం," అన్న.

ముదీర్ ఎర్రబడ్డడు. "నిజం చెప్పు!"

ఏం చెప్పాలె? "సార్, మా దగ్గర ఏడాదికోసారి మిషన్‌కు బర్త్‌డే చేస్తం. ఇయ్యాల దీనిది."

"మిషన్ బర్త్‌డేకు మసాలానా?"

"మిషన్ కేకు తినది గదా సార్."

అప్పటికే లోపటికి ఉరికొచ్చిన బాషా పక్కకు తిరిగి నోట్ల కండువా కుక్కుకున్నడు. ముదీర్ మాత్రం నవ్వలే. అరబీల తిట్టేదంత తిట్టి, వేలు తలుపు దిక్కు చూపించి ఆఖరుకు ఒక్కటే మాటన్నడు, "ఎగ్జిట్." లావణ్యకు ఏమని చెప్పాలె? నువ్వు చిటికెడన్నవు, నేను పిడికెళ్లేసిన, ఇంటికొస్తున్న అనాల్నా? సిగ్గూ ఏడుపూ కలిసి వచ్చినయి. గోడకు ఆనుకొని నిలవడ్డ.

మంచు మల్ల పరవడానికి టైము లేదు. పక్క దేశం కోచ్ నవ్వి, "పర్వాలే, పసుపు మీదనే ఆడుదాం" అన్నడు. ఎట్లైనా గెలుస్తమనే ధీమా ఆయనది.

ఇప్పుడొక సంగతి చెప్తె మీరు నమ్మరు. మంచుల నీళ్లు తప్ప వేరేది కలిస్తె మంచు మెత్తబడతది, అంటుకుంటది. పక్క దేశం పోరగాళ్లు గాలి లెక్క ఉరికేటోళ్లు. నా పసుపు మీద వాళ్లు బురదల నడిచినట్టు నడిచిన్రు. కర్రతోని కొడితే పక్ బిళ్ల సగం దూరం పోయి ఆగుతున్నది. మావోళ్లకేం ఫరక్ పడలే. వాళ్లు మొదటి నుంచీ నిదానమే, పైగా బర్త్‌డే పార్టీలు అయినంక కేకు ముక్కల మీద ప్రాక్టీసు చేసినోళ్లు. ఎర్రగీత ఏదని ఆట ఆగినప్పుడల్ల రెఫరీ నన్నే చూస్తుండు, నేను సీలింగును చూస్తున్న.

ఆఖరి సీటీ ఊదేటాళ్లకు రెండు దిక్కులా గోల్స్ సమానం. ఆ జట్టు మీద ఓడకుంట బయటపడుడు మావోళ్లకు అదే మొదలట. కెప్టెన్ అమ్మ లేచి ఏడ్చింది. మా ఆటగాళ్లు మంచు మీద పడి పొర్లిన్రు, తెల్ల జెర్సీలన్ని పెండ్లికొడుకుల బట్టల లెక్క పసుపు పచ్చగైనయి. కెప్టెన్ నా భుజం పట్టుకొని ముదీర్ దగ్గరికి గుంజుకపోయిండు.

"ఇతన్ని పంపొద్దు. ఇతని కాగితమేందో ఉన్నదట, సంతకం పెట్టండి."

"రింకు ఖరాబు చేసిండు!"

"నా చరిత్ర బాగు చేసిండు."

ముదీర్ మంచును చూసిండు, ఫొటోలు దిగుతున్న పెద్దోళ్లను చూసిండు. పెద్దోళ్లు నవ్వుతున్నరు. ఆయన గూడ నవ్వుదామా వద్దా అని కొద్దిసేపు ఆలోచించి, జేబులకెల్లి పెన్ను తీసిండు. మూడు దినాలు రింకు మూసి పసుపు గీకిన, ఒక్కన్నే. ఆ మూడు దినాలు నాకు పండుగే.

నెలకు కొత్త ఇకామా వచ్చింది. టెక్నీషియన్ ఖాళీ కంపెనీల లేదట, కాగితాల పని చూసే మనిషి, ఉన్న ఖాళీలల్ల నాకు సరిపోయేది ఏదని ముదీర్‌నే అడిగిండట. బాషా అరబీ చదివి కుర్చీల కూలబడి నవ్వుడు మొదలుపెట్టిండు.

"ఏమున్నది భాయ్? చెప్పరాదు!"

"అత్తార్, గంగన్నా. మసాలా దినుసుల యాపారి!"

ఆ మాట లావణ్యకు చెప్తె మొదట నవ్వింది. తర్వాత మెల్లగ అడిగింది, "మసాలాలు అమ్మేటోని పెండ్లానికి వీసా ఇస్తరా?"

ఇచ్చిన్రు.

కాబట్టి దసరా సాక్షిగ, ఐస్ బండి సాక్షిగ, ఒక దేశపు అంతర్జాతీయ చరిత్ర సాక్షిగ ప్రమాణం చేస్తున్న. వేడినీళ్లు పోసే ఏ మిషన్‌కూ ఇక మీదట పసుపు పెట్టను. పెట్టాల్సి వస్తే, నా పెండ్లాం చిటికెడంటే చిటికెడే ఏస్త.