సేటు ఆవు నెమరు

మొన్న ఆదివారం మా మేనత్త పోయింది. "ఆవులకు చొప్ప ఏసొచ్చి జెర పండుకుంటనన్నది, మళ్ల లేవలే" అని బావ ఫోన్‌లో చెప్పాడు.

ముత్తంగి రోడ్డు పక్క పొలాలు ఒక్కొక్కటే గోదాములవుతున్నా ఆమె పాడి వదల్లేదు. పాలు పిండే ముందు ప్రతి ఆవు ఎడమ డొక్కకూ పిడికిలి ఆనించి నిలబడేది. లోపల కడుపు కదిలితే చేతికి తెలుస్తుంది. "గడ్డి ఆవుకు కాదు బిడ్డా, దాని కడుపుల కనబడని జీవాలకు పెడుతున్నం. అవి సల్లగుంటెనే మనకు పాలు" అనేది. పశువుల డాక్టరు చెప్పిన మాటే, ఆమె నోట సొంతమైపోయింది.

తొంభైల చివర్లో ఊరి పక్కన ఫంక్షన్ హాలు వచ్చింది. పెళ్లిళ్లలో మిగిలిన అన్నం గోడ వెనక పారబోసేవారు. ఒకరోజు అత్త ఆవులన్నీ అందులో మూతి పెట్టాయి. ఎర్రావు మాత్రం కడుపు పగిలేలా తింది. సాయంత్రానికి డొక్క ఉబ్బి, పళ్లు కొరుకుతూ కూలబడింది. డాక్టరు వంటసోడా కలిపిన నీళ్లు పట్టించి, సూదులు వేశాడు. ప్రాణం నిలిచింది గానీ అది మేత ముట్టలేదు, నెమరు వేయలేదు.

"అన్నం పులిసి లోపలి జీవాలు సచ్చిపోయినయమ్మా. మంచిగున్న ఆవు నెమరు తినిపిస్తె మళ్ల పుడతయి" అన్నాడాయన. దగ్గరలో అలాంటి ఆవు హాలు యజమాని సేటు ఇంట్లోనే ఉంది.

అత్త కొంగు బిగించి బయలుదేరింది. వెంట నేనూ వెళ్లాను. సేటు వాకిట్లోనే అడ్డుకున్నాడు.

"నా ఆవు నోట్ల చెయ్యి పెడ్తవా? ఏంది గీ పిచ్చి?"

"మీ అన్నం నా ఆవు కడుపు ఖరాబు చేసింది సేటు. బతిమాలనీకి రాలే. నెమరు తీస్కపోనీకి వచ్చిన."

అతన్ని దాటుకుని వెళ్లి, ఆవు మెడ నిమిరి, దవడ పక్కనుంచి వేళ్లు పోనిచ్చి పచ్చటి వెచ్చటి నెమరు ముద్ద తీసింది. ఇంటికి తెచ్చి ఎర్రావుకు తినిపించింది. అడగడానికీ అడుక్కోవడానికీ తేడా నాకు ఆ వాకిట్లోనే తెలిసింది. మర్నాడూ వెళ్లింది. ఈసారి సేటు అడ్డు రాలేదు. ఆ సాయంత్రం ఎర్రావు దవడ కదిలింది.

అన్నం పారబోత మాత్రం ఆగలేదు. ఇంకో పెళ్లినాడు అత్త ఎర్రావును తోలుకెళ్లి హాలు గేటు ముందు నిలబెట్టింది. పెళ్లికొడుకును ఊరేగిస్తూ వస్తున్న బరాత్ ఆగిపోయింది.

"జల్దీ పక్కకు తియ్యి అక్కా, ముహూర్తం దాటుతది" అని సేటు పరేషానయ్యాడు.

"గుంత తవ్వి, అన్నం అండ్ల ఏసి మన్ను కప్పుతనని అందరి ముందట చెప్పు. అప్పుడు తీస్త."

పెళ్లికొడుకు తండ్రే ముందుకొచ్చాడు. "చెప్పు సేటు, తప్పేమున్నది?"

సేటు చెప్పాడు. చెప్పినట్టే గుంత తవ్వించాడు కూడా.

బ్యాండు మళ్లీ మొదలైంది. అత్త అప్పటికీ తొందరపడలేదు. ఎర్రావు నోట్లో ముద్ద నమిలి మింగేదాకా, తాడు వదులుగా పట్టుకుని, పెళ్లి జనమంతా చూస్తుండగా రోడ్డు మధ్యన అలాగే నిలబడింది.