మనిషి రాకపోయినా ఆడే బొమ్మ

నేను ఆడే యుద్ధం గేములో నాకు నచ్చనిది ఒకటుంది. జట్టులో ఎవరైనా రాకపోతే, అతను ఆడే తీరును ముందే నేర్చుకున్న గేమే అతని బొమ్మను ఆడిస్తుంది. దాని ఆటకు బుర్ర ఉండదని అందరితో అనేవాణ్ణి.

ఈ మధ్యాహ్నం గాజువాకలో నా స్నేహితుడు అప్పలరాజు ఇంటికి వెళ్లాను. మా జట్టులోనే ఆడేవాడు, వాడు పోయి ఎనిమిది నెలలైంది.

"ఆరి గేము పనిసేత్తందో లేదో సూడు మరిదీ," అంది వాళ్లావిడ, పైడమ్మ వదిన.

వాడి గేము పెట్టెను టీవీకి తగిలించి, నా పేరుతో ఆట మొదలుపెట్టాను. జట్టులోకి అప్పలరాజు బొమ్మ దానంతటదే వచ్చింది. వంతెన ముందు ఆగి, రెండుసార్లు గెంతి, నన్ను దాటి పరుగెత్తింది. అచ్చం వాడిలాగే. ఆపేయబోయాను.

"ఆపకు మరిదీ, ఇంకాసేపు ఆడనీ," అంది వదిన.

ఆ బొమ్మ వెంట ఇంకో ఆట ఆడాను. కాసేపటికి ఆమె నెమ్మదిగా అడిగింది.

"నాను ఆడితే, నన్నూ ఇలాగే నేర్సుకుంటాదా?"

నేర్చుకుంటుందని చెప్పి, ఆమె పేరు కూడా జట్టులో చేర్చి, ఆట ఆడించే కంట్రోలర్ ఆమె చేతికిచ్చి వచ్చేశాను.

ఇది రాస్తుండగా గేము నుంచి ఫోనుకి మెసేజ్ వచ్చింది. మా జట్టులో ఇప్పుడు ఇద్దరు ఆడుతున్నారట: అప్పలరాజు, పైడమ్మ. మీరైతే కంట్రోలర్ ఇచ్చేవారా?